కూలిన మంచె

నిజాం కాలంలో ఆత్మకూరు దగ్గరి ఒక జాతరలో జనాన్ని పైనుంచి కనిపెట్టి అదుపు చేయడానికి వెదురు మంచె కట్టారు. తాళ్లు చివికిపోయాయని కాపలాదారు బుచ్చయ్య మొత్తుకున్నా, కాపలాదారుల మీది అధికారి జమేదారు తిట్టి ఎక్కించాడు. మంచె కూలి బుచ్చయ్య నడుము విరిగింది. జమేదారు చూడటానికైనా రాలేదు.

మరుసటి ఏడు జాతరకూ పాత తాళ్లతోనే మంచె కట్టించాడు. కాపలాదారులెవరూ ఎక్కలేదు.

“గట్టిగనే ఉన్నది, సూడుండ్రి!” అంటూ జమేదారే ఎక్కాడు.

బుచ్చయ్య భార్య తిరుపతమ్మ వచ్చి నిచ్చెన లాగేసింది. మంచె కిర్రుమంది.

“అమ్మా, నిచ్చెన పెట్టు! పడి సస్త!”

“నా పెనిమిటి ఎట్ల దిగిండో నువ్వు గూడ గట్లనే దిగు.”

కాపలాదారులు ఒక్కరూ కదల్లేదు. ఊరేగింపుకు వెళ్లిన దేవుడి రథం తిరిగొచ్చేదాకా జమేదారు గుంజను కరుచుకుని ఏడ్చాడు.

తిరుపతమ్మ ఇంటికెళ్లి ఆ ఏడుపు ఏడ్చి చూపించింది. మంచంలోని బుచ్చయ్య తనివితీరా నవ్వాడు.