చివరి వరుసలో తొమ్మిది

చార్టులమ్మకు ఆ ఉదయం కుర్చీలో కుదురు లేదు. లేచింది, కూర్చుంది, నీళ్ళ సీసా మూత తీసి తాగకుండానే మళ్ళీ బిగించింది. ఆఫీసులో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. నాలుగు అంబులెన్స్ కేంద్రాల వివరాలను చార్టులుగా చేసి కమిటీకి చూపించేది ఆమే మరి. మధ్యాహ్నం మూడింటికి ఆ కమిటీ కూర్చుంటుంది. మార్కెట్ కేంద్రం డ్రైవర్లను బండి దించేసి గోదాము పనికి పంపాలా వద్దా అన్నది తేలుస్తుంది. ఆ డ్రైవర్లలో ఒకడు ఆమె సొంత తమ్ముడు.

చార్టు చూసినవాళ్ళెవరైనా పంపెయ్యమనే అంటారు. ఫోన్ వచ్చాక బండి చేరడానికి కొండ కేంద్రానికి ఆరు నిమిషాలు, కాలేజీ కేంద్రానికి ఏడు, స్టేషన్ కేంద్రానికి ఏడు, మార్కెట్‌కు మాత్రం పదహారు. అన్నిటికీ కింద మొత్తం వరుసలో తొమ్మిది. పది దాటకూడదని నియమం. అంటే ఊరంతా భేషుగ్గా ఉంది, మార్కెట్ వాళ్ళే బద్ధకస్తులు! ఇంట్లో ఆమె కూడా తమ్ముణ్ణి దెప్పింది, ఒకటి రెండుసార్లు కాదు: "ఎవరికీ లేని ట్రాఫిక్ నీకొక్కడికే వస్తుందట్రా?"

ఇవాళ పొద్దున్న తింటూ తింటూ వాడు తలెత్తకుండానే అన్నాడు: "నిన్న మాకు పదిహేను కాల్స్ అక్కా. కొండ వాళ్ళకి ఒకటి. అదీ ఎవరో పొరపాటున నొక్కిన నంబరట."

ఆమె పకపకా నవ్వింది. బస్సెక్కాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. ఆఫీసుకు రాగానే సంచీ అయినా దించకుండా కాగితం, పెన్సిలు లాక్కుంది.

పోయిన నెల కొండకు నలభై కాల్స్, కాలేజీకి ముప్పై, స్టేషన్‌కు ముప్పై. మార్కెట్‌కు మూడు వందలు. చార్టులు చేసే సాఫ్ట్‌వేర్‌లో మొత్తం వరుస ఎలా రావాలో మనమే చెప్పాలి. పైవన్నీ కూడమనొచ్చు, పై వరుసలకు సగటు తియ్యమనొచ్చు, లేదా మన సూత్రం మనమే రాసుకోవచ్చు. రెండేళ్ళ క్రితం ఆమె సగటు అని నొక్కింది. నాలుగు అంకెలు కూడి నాలుగుతో భాగిస్తే తన కాలిక్యులేటర్‌లో ఏది వస్తుందో అదే కనబడాలని సూపరింటెండెంట్ పట్టుబట్టాడు. తొమ్మిది వచ్చింది, ఆయన మురిసిపోయాడు, ఈమె ఊరుకుంది. నలభై మంది ఆరు నిమిషాలూ మూడు వందల మంది పదహారు నిమిషాలూ ఒకే తూకం అయిపోయాయి.

ఇప్పుడు ప్రతి కేంద్రం నిమిషాలనూ దాని కాల్స్‌తో గుణించింది, అన్నీ కూడింది, నాలుగు వందలతో భాగించింది. పదమూడున్నర దాటింది. ఫోన్ చేసే నలుగురిలో ముగ్గురు మార్కెట్ వైపు వాళ్ళే, బండ్లు మాత్రం అన్ని కేంద్రాలకూ రెండేసి! వాడు నెమ్మది కావడమేమిటి నా తలకాయ, వాడు పరుగులు పెడుతూనే ఉన్నాడు.

సూపరింటెండెంట్ కాగితం చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఈ పూటకి వదిలెయ్యమ్మా. ఇవాళ మారిస్తే తమ్ముడి కోసం మార్చిందంటారు."

"తమ్ముడు లేకపోతే ఈ లెక్క ఒప్పయిపోతుందా సార్?"

ఆయన గోడ గడియారం వంక చూశాడు, తలుపు వంక చూశాడు. "సరే, మార్చు. అడిగితే కొత్త పద్ధతి అను. తప్పు అన్న మాట మాత్రం నోటెంట రానివ్వకు. వచ్చిందా, నీ ఉద్యోగానికే కాదు, నాదానికీ ఎసరే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె సూత్రం రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది. మూడయ్యేలోపు నాలుగుసార్లు సరిచూసుకుంది. ప్రతిసారీ అదే అంకె. భోజనం డబ్బా మూత కూడా తియ్యలేదు.

కమిటీ గదిలో తెర మీద చార్టు పడగానే చైర్మన్ మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుంది. "పోయిన నెల తొమ్మిది చూపించారు. ఇవాళ పదమూడున్నర పైన. నెలలో ఇంత దిగజారిందా?"

సూపరింటెండెంట్ గట్టిగా దగ్గాడు. కొత్త పద్ధతి అన్న ముక్క ఆమె నాలుక చివరే ఉంది. ఆ ఒక్క మాటతో ఒడ్డున పడొచ్చు. కానీ కొత్త పద్ధతి అంటే పాత తొమ్మిది కూడా నిజమేనని ఒప్పుకున్నట్టే, తమ్ముడు రెండేళ్ళు బద్ధకస్తుడని ఒప్పుకున్నట్టే.

"దిగజారలేదండీ. రెండేళ్ళుగా ఇంతే. మొత్తం వరుస నేను తప్పుగా కట్టాను."

"మార్కెట్ డ్రైవర్లలో మీ తమ్ముడున్నాడట?"

"ఉన్నాడు. అందుకే కాల్స్, బండ్లు కూడా పక్కనే పెట్టాను. మీరే గుణించి చూసుకోండి."

చైర్మన్ మేడమ్ నిజంగానే ఫోన్ తీసి గుణించింది. రెండోసారి కూడా గుణించి, ఫోన్ బల్ల మీద పెట్టేసింది. డ్రైవర్లను కదపొద్దంది. కొండ దగ్గరి బండి ఒకటి రేపటి నుంచి మార్కెట్‌కు వెళ్ళాలంది. చార్టులమ్మకు మెమో ఇవ్వమంది, ఇక మీద చార్టులు ఇంకొకరు చూస్తారంది.

అన్నీ న్యాయంగానే ఉన్నాయి. మెట్ల దగ్గరికి వచ్చి తమ్ముడికి ఫోన్ చేసింది.

"నువ్వు బండి దిగక్కర్లేదురా. మీకు మూడో బండి కూడా ఇస్తున్నారు. లెక్క తప్పు నాదే, రెండేళ్ళ నుంచి నాదే."

వాడు ఎగిరి గంతేస్తాడనుకుంది.

"రెండేళ్ళూ ప్రతి గుమ్మంలో 'ఆలస్యం నాదేనండీ, క్షమించండి' అనుకుంటూ తిరిగానక్కా," అన్నాడు వాడు. "ఒకాయన చెంప మీద కొట్టాడు కూడా. కొట్టడం న్యాయమే అనుకున్నా."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఆఫీసు వాళ్ళ సంగతి వదిలెయ్. నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నావు కదా నన్ను. నువ్వూ నమ్మావా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచింది. ఇవాళ ఇక అబద్ధం ఆడలేకపోయింది.

"నమ్మానురా," అంది ఏడుస్తూ. "నిన్ను కాదు, నేను చేసిన చార్టునే నమ్మాను."