తీపి చిక్కుళ్ళ వరుస

"నీకేం పనుంది గనక, ఒక్క వారం గోడౌన్లో కూర్చో" అని రదామెస్ తన భార్యతో అని రెండేళ్ళయింది. అప్పుడు నెరైదా అంట్లు తోముతోంది. గోడౌన్ చూసుకునే మనిషి మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలు అతుక్కుంది, ఆ మనిషి వేరే ఊళ్ళో పని చూసుకున్నాడు, నెరైదాకి ఇచ్చిన ఆ ఒక్క వారం మాత్రం ఇంకా పూర్తికాలేదు.

జీతం మాటెత్తితే అత్తగారు దోన్యా ఫెలిసియా నవ్వేది. ఇంటి మనిషికి జీతమేమిటి, నా కొడుక్కి అన్నం పెట్టినందుకు నేను అడిగానా అనేది. అడిగి ఉంటే బావుండేదని నెరైదాకి అనిపించేది. ఈపాటికి ఏదో ఒక రేటంటూ ఉండేది.

మోకా ఊళ్ళోని చిల్లర కొట్లన్నిటికీ సరుకు తోలే గోడౌన్ వాళ్ళది. ఆమె వచ్చేనాటికి సరుకంతా కంపెనీల వారీగా పేర్చి ఉండేది. వచ్చాక మొదటి తపస్సుకాలంలో, అంటే ఈస్టర్ ముందు నలభై రోజుల్లో, ఆమె ఊరికే చూస్తూ కూర్చుంది. ఏ కొట్టు చీటీ చూసినా అవే సరుకులు: ఎర్ర చిక్కుడు గింజలు, కొబ్బరి పాలు, డబ్బా పాలు, దాల్చిన చెక్క, ఎండుద్రాక్ష, చిట్టి పాల బిస్కెట్లు. ఉండవూ మరి? ఈస్టర్ ముందు ఊళ్ళో ప్రతి ఇంటా తీపి చిక్కుళ్ళు వండుతారు, పక్కింటికి ఒక గిన్నె పంపుతారు, పక్కింటి గిన్నె రాగానే మన దానికంటే చిక్కదనం తక్కువని తృప్తిపడతారు. ఆ చీటీ పట్టుకుని హమాలీలు ఈ చివర గింజలకీ ఆ చివర బిస్కెట్లకీ పరుగులు పెట్టేవారు. గోడౌన్ పేర్చిన మగవాళ్ళు నలభయ్యేళ్ళుగా ఆ తీపిని గిన్నెలకి గిన్నెలు తిన్నవాళ్ళే. ఒక్కరూ గరిటె తిప్పలేదు. అందుకే వాళ్ళ లెక్కలో బిస్కెట్టుకీ చిక్కుడు గింజకీ చుట్టరికం లేదు.

మరుసటి ఏడు తపస్సుకాలం ముందు, రదామెస్ డామినోలాటకి వెళ్ళిన ఒక ఆదివారం, ఇద్దరు హమాలీలని పెట్టుకుని మూడో వరుసని ఆమె వంటలో పడే క్రమంలో సర్దింది. తన వంటింట్లోలాగే పాత తేదీ సరుకు ముందుకి, కొత్తది వెనక్కి. మధ్యాహ్నానికి గానీ కదలని లారీలు తొమ్మిదికల్లా వెళ్ళిపోసాగాయి. పాలడబ్బాలు గడువు దాటి పారబోయడం ఆగింది. ఈస్టర్ అయ్యాక అదే వరుసలోకి తుఫాను రోజుల కొవ్వొత్తులూ, బ్యాటరీలూ, చేపల డబ్బాలూ వచ్చాయి.

ఇది వంటిల్లనుకున్నావా అని మొదట కసిరాడు రదామెస్. మూడు నెలలకి వర్తక సంఘం వాళ్ళు 'రదామెస్ పద్ధతి' అని రాసిన ఫలకం ఇస్తే పుచ్చుకున్నాడు. అది ముందుగదిలో వేలాడుతోంది. దాని దుమ్ము దులిపేది కూడా నెరైదాయే.

ఈ ఏడు తపస్సుకాలానికి మూడో వరుసలోకి మళ్ళీ తీపి సరుకులు వచ్చాక, రాజధాని నుంచి పెద్ద సూపర్ మార్కెట్ వాళ్ళు కబురంపారు. ఆ వరుస కనిపెట్టిన మనిషిని తమ కొత్త గోడౌన్‌కి అధికారిగా పెట్టుకుంటారట. చూడడానికి ఇంజనీరు ఇవెలీస్ గురువారం వస్తోంది. బుధవారం పొద్దున చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ రదామెస్ అంతా తేల్చేశాడు.

"ఉద్యోగం నాదే. నువ్వూ రా, సాయంగా ఉంటావు. రేపు మాత్రం తీపి చిక్కుళ్ళు అదిరిపోవాలి. మాటలు నేను చూసుకుంటాను."

నెరైదా చేతులు నానబోసిన గింజల్లో ఉన్నాయి. ఫలకం పోతే పోయింది, గోడకి మేకు దండగ, అంతే. కానీ ఆ వరుసని ఆమె ఎప్పుడు ఆలోచించింది? బట్టలు పిండుతూ, అత్తగారి కాళ్ళకి నూనె రాస్తూ, ఎవరూ పని చెప్పలేని ఒకే ఒక్క చోట, తన తల లోపల. ఇప్పుడు ఆ బుర్ర రాజధానికి పెద్ద ఉద్యోగానికి వెళ్తోంది, దానికి తోడుగా ఆమె వెళ్ళాలట. ఆమె నీళ్ళు వంచేసి, గింజలు పొయ్యి మీద పెట్టింది.

గురువారం ఇంజనీరు మూడో వరుస దగ్గర ఆగింది. కొడుకు గొప్ప చూద్దామని దోన్యా ఫెలిసియా కూడా వెనకే వచ్చింది. చిక్కుళ్ళ వరుసలో బిస్కెట్లెందుకని అడిగింది. బరువు సమంగా పడాలని అన్నాడు రదామెస్. ఇంజనీరు ఒక బిస్కెట్ పొట్లాన్ని అరచేతిలో ఎగరేసి, చిక్కుళ్ళ బస్తా వైపు చూసింది. రదామెస్ నుదురు తుడుచుకున్నాడు.

"నెరైదా, ఆ తీపి పట్రా. మేడం గారు అలసిపోయారు."

నెరైదా గ్యాసు పొయ్యీ, దాని మీద గిన్నె, చెక్క గరిటె తెచ్చి అతని ముందు పెట్టింది.

"చిక్కుళ్ళు ఉడికించి రుబ్బాను. మిగతావన్నీ ఈ వరుసలోనే ఉన్నాయి, ముందు పడేది ముందు, చివర పడేది చివర. నడుస్తూ ఒక్కోటీ వేసెయ్. వరుస పెట్టింది నువ్వే కదా."

హమాలీలు ఒక్కసారిగా పైకప్పు రేకులు పరిశీలించసాగారు. రదామెస్ అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఉన్న బిస్కెట్ పొట్లం విప్పాడు.

"బిస్కెట్లు చివర్నరా నాయనా" అంది వెనకనుంచి దోన్యా ఫెలిసియా, ఆపుకోలేక.

ఇంజనీరు నెరైదా వైపు తిరిగింది. "మా గోడౌన్ దీనికి పదింతలు. సోమవారం రాగలరా?"

"వస్తాను. జీతం కాగితం మీద రాయండి, నా పేరున."

"మరి ఇక్కడ?" అన్నాడు రదామెస్, పొట్లం చేతిలోనే ఉంది.

నెరైదా గోడౌన్ తాళాలు అతని ముందు పెట్టింది.

"నీకేం పనుంది గనక" అంది. "ఒక్క వారం కూర్చో."