వీధి వైపు మెట్లు

రుబియేలా తన ఇంటికి వెళ్లాలంటే అత్తగారి వంటింట్లోంచి వెళ్లాలి. మెట్లు పొయ్యి పక్కనే మొదలవుతాయి. ఆ రోజు ఆమె చేతుల్లో కుట్టాల్సిన కాలర్ల మూట, దాని మీద గుడ్ల అట్ట ఉన్నాయి. చిక్కుడు గింజలు ఏరుతున్న అత్తగారు దోన్యా ఒఫేలియా తల ఎత్తలేదు.

"మళ్లీ గుడ్లా? పైన కోళ్లఫారం ఏమైనా పెట్టావా?"

"మీ అబ్బాయి తెమ్మన్నాడు అత్తయ్యా."

"వాడు తెమ్మంటే సరేలే."

ఆమె ఏం కొన్నదీ, ఎప్పుడొచ్చిందీ, ఎవరిని వెంట తెచ్చిందీ అన్నీ ఆ వంటింటికి తెలుసు. ఒకసారి చెల్లెలు వచ్చి కింద కాఫీ తాగి, పైకి రాకుండానే వెళ్లిపోయింది. ఎందుకే అంటే, "మీ అత్తగారిని దాటుకుని వచ్చే ఓపిక లేదక్కా" అంది. మళ్లీ రాలేదు.

మెదెయిన్ నగరపు కొండవాలు మీద అందరూ ఒకరి నెత్తిన ఒకరు కట్టుకుంటారు. నేల ఒకరిది, శ్లాబు మీది గాలి ఇంకొకరిది. ఆ గాలిని, అంటే పైన కట్టుకునే హక్కుని, అమ్ముతారు, కొంటారు, కొడుకులకు పంచుతారు. పెళ్లైన కొత్తలో దోన్యా ఒఫేలియా తన శ్లాబు మీద కట్టుకోమంది. రుబియేలా కుట్టు మిషను మీద సంపాదించిందంతా ఇటుకలైంది. శ్లాబు పోసిన ఆదివారం వీధిలో మగవాళ్లంతా సిమెంటు బకెట్లు అందుకున్నారు. ఆమె కట్టెల పొయ్యి మీద అందరికీ సాంకోచో పులుసు వండి, వడ్డించి, గంగాళం తోమింది. సాయంత్రం బీరు తాగుతూ వాళ్లు "ఆర్గేమీరో ఇల్లు కట్టేశాడు" అన్నారు. అంతకు ముందే ఆమె మెట్లు వీధి వైపు పెడదామని భర్తతో అంది. "లోపలైతే సిమెంటు కలిసొస్తుంది. అమ్మ ఏమైనా పరాయిదా?" అన్నాడు ఆర్గేమీరో. కాగితం రాయించుకుందామంటే, "కన్నతల్లి దగ్గర కాగితమా? సిగ్గు లేదటే?" అన్నాడు. ఆమె సిగ్గుపడింది.

ఆ సిగ్గు చాలా ఏళ్లు పనిచేసింది. ఒక రోజు భోజనాల దగ్గర దోన్యా ఒఫేలియా, పైగాలి చిన్నకొడుకు విల్మార్‌కి ఇస్తున్నానంది. "మీరుండే మధ్య అంతస్తు కూడా నాదేగా. నేను పోయాక అన్నదమ్ములు చూసుకుంటారు" అని కూడా అంది. అప్పుడు రుబియేలా పులుసు వడ్డిస్తోంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. ఆర్గేమీరో గిన్నె ముందుకు జరిపాడు. ఆమె పోసింది.

అప్పటి నుంచి ఆదివారాలు ఆమె తల పైకెత్తి నడవడం మొదలుపెట్టింది. కొన్ని ఇళ్ల పిల్లర్ల చివర చువ్వలు వదిలి, తుప్పు పట్టకుండా వాటి మీద కూల్‌డ్రింకు సీసాలు బోర్లిస్తారు. సీసాలుంటే ఇంకో అంతస్తు మోసేలా కట్టారన్నమాట. చువ్వల లావు చూడడం నేర్చుకుంది. మేడ మీది గదుల్లో ఉండేవాళ్లను అద్దె ఎంతో, నీళ్లు ఎక్కుతాయో లేదో అడిగేది. తెలుసుకున్నది చెప్పుకోవడానికి మనిషి లేడు. మిషను ముందు కూర్చుని తనలో తనే చెప్పుకునేది.

పై సందులో దోన్యా రోస్మీరా తన గాలి అమ్మకానికి పెట్టింది. భర్త పోయిన మనిషి, కీళ్ల నొప్పులు.

"సీసాలు చూశావుగా తల్లీ. ఆ పైన ఎంత ఆకాశం ఉంటే అంతా నీదే. వాన ఊరికే ఇస్తా."

"మెట్లు ఎటు నుంచి దోన్యా?"

"నా హాల్లోంచి పెట్టుకో. నేనేమైనా కరుస్తానా?"

"మీరు కరవరు. కానీ వీధి వైపు గోడ పక్క జాగా కూడా నాకు అమ్మండి. మెట్ల సంగతి కాగితంలో ఉండాలి. లేదంటే నాకొద్దు."

"ఎక్కడ తిన్నావే ఇంత దెబ్బ?"

రుబియేలా గోడ పొడవు జానలతో కొలుస్తూ ఉండిపోయింది.

ఆ డిసెంబరులో రుబియేలా చీటీ డబ్బు చేతికొచ్చింది. తమ్ముడి శ్లాబుకి పెడదామని ఆర్గేమీరో అన్నాడు. అప్పటికే రోస్మీరా గాలికి నోటరీ దగ్గర సంతకాలైపోయాయి. అతను మూలకొట్టు దగ్గర నిలబడి అందరినీ నవ్వించాడు: "ఊళ్లో అందరి పెళ్లాలూ ఇల్లు కావాలంటారు. మా ఆవిడ గాలి కొంది." వంటింట్లో దోన్యా ఒఫేలియా, "తాళం వేసుకో అమ్మాయ్, ఎగిరిపోగలదు" అంది. వారం తిరిగేసరికి అతనే సర్దుకున్నాడు.

"అద్దెకిస్తావుగా? పోనీలే. నా బండి వాయిదాకి సరిపోతుంది."

"అద్దెకే" అంది. అప్పటికి ఆమె అనుకున్నదీ అదే.

శ్లాబు పోసిన ఆదివారం అతనికి మోకాలు నొప్పి వచ్చింది. వీధిలో వాళ్లు వచ్చారు. సాంకోచో రోస్మీరా వండింది. బకెట్ల వరసలో రుబియేలా నిలబడింది.

గోడలు లేచి, తలుపు బిగించిన రోజు ఆమె కాలర్ల మూటతో వీధి మెట్లు ఎక్కింది. మూటలో ఏముందని ఎవరూ అడగలేదు. తలుపు తీసి సిమెంటు బస్తా మీద కూర్చుంది. అలవాటు కొద్దీ జవాబు సిద్ధం చేసుకుంది. ప్రశ్న రాలేదు. చెల్లెలికి ఫోన్ చేద్దామనుకుని, ఏం చెప్పాలో తెలియక ఫోన్ పక్కన పెట్టింది. కిటికీకి ఇంకా అద్దం లేదు. గాలి లోపలికి వస్తోంది. అక్కడే కూర్చుని మూట విప్పి, చీకటి పడేదాకా కాలర్లకు గుర్తులు పెట్టుకుంది.

మర్నాడు పొద్దున రుబియేలా పెనం మీద మొక్కజొన్న అరెపాలు కాలుస్తుంటే ఆర్గేమీరో చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగాడు.

"అద్దెకెవరైనా దొరికారా?"

"దొరికారు."

"ఎవరు?"

"ఒకావిడ. కాలర్లు కుడుతుంది."

"ఒంటరి ఆడదా? అద్దె ఎగ్గొడుతుంది చూడు. మొగుడున్నాడా?"

రుబియేలా అరెపా తిరగేసింది.

"ఉన్నాడు. వాళ్లమ్మ దగ్గర ఉంటాడు."