ముందు బిందె, తర్వాత డ్రమ్ము

బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో, బత్తలపల్లెలో గౌతమి నడిపే నెట్ సెంటర్‌కు ఐదు కంప్యూటర్లు, ఒకటే లైను. రోజూ వచ్చే ఐజాక్ ఒక దాంట్లో సినిమా దింపుకోవడం మొదలుపెడితే మిగతా నలుగురికి మెయిలు కూడా తెరుచుకునేది కాదు. తిట్లన్నీ గౌతమికే. పడీపడీ ఒళ్లుమండి, ఒకనాడు సాఫ్ట్‌వేర్ పెట్టి, మిగతావాళ్లు లైను వాడుతున్నంతసేపూ ఐజాక్ వేగాన్ని కొళాయి తిప్పినట్టు బిగించేసింది.

"ఏమక్కా, నా సినిమా ఆడ్నే నిలబడుండాదే" అన్నాడు ఐజాక్.

"నీళ్ల ట్యాంకర్ కాడ చూడలేదా? బిందెతో వచ్చినోళ్లు ముందు, డ్రమ్ము తెచ్చినోడు ఆఖర్న. మెయిలు బిందె, నీ సినిమా డ్రమ్ము. అందరి పనీ అయినాక పట్టుకో."

నలుగురూ నవ్వారు. మెయిళ్లు చకచకా కదిలాయి. గౌతమికి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

అంతలో వీధిలో ట్యాంకర్ హారన్ మోగింది. కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. లైను మొత్తం తనదే కావడంతో ఐజాక్ సినిమా ఒక్కటే లోపల పరుగులు తీసింది.

గౌతమి అందరికంటే ముందు ఉరికి పైపు అందుకుంది. వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. చూస్తే ఐజాక్, చంకలో చిన్న బిందె.

"పక్కకు జరుగక్కా" అన్నాడతను, ఆమె దొర్లించుకొచ్చిన నీలం డ్రమ్మును చూస్తూ. "అందరి పనీ అయినాక పట్టుకుందువు."