కొన్న పాటలు

గాజుబల్ల మీద పడ్డ వేలిముద్రల్ని రమణబాబు పాత బనియన్ గుడ్డతో తుడుస్తున్నాడు. కొనేవాడు బల్ల మీద వేలు పెట్టడనీ, వేలు పెట్టి అది తియ్యి ఇది తియ్యి అనేవాడు కొనడనీ అతని సిద్ధాంతం. గాజు కింద పాటల యంత్రాలు వరసగా పడుకుని ఉన్నాయి. అగ్గిపెట్టెంతవి, పెన్నులా నిలువుగా ఉన్నవి, అసలు కంపెనీ సరుకు చూసి చైనావాడు దించిన తెల్లటి నకళ్ళు. వాటికి రమణబాబు పెట్టుకున్న పేరు నల్లులు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాక ఊళ్ళో ప్రతివాడి చొక్కా జేబులోనూ ఒక నల్లి చేరింది.

రెజిమెంటల్ బజారులో మేడ మెట్లెక్కగానే మొదటి కొట్టు తిరుమలది. అతనే రమణబాబుకి యజమాని, వయసులో మాత్రం చిన్నవాడు. తండ్రి క్యాసెట్లు అమ్మిన కొట్లో కొడుకు యంత్రాలు అమ్ముతూ, కొన్నవాడికి కంప్యూటర్‌లోంచి పాటలు ఉచితంగా నింపి ఇస్తాడు. అవి ఎక్కడివని ఆ బజార్లో ఎవడూ అడగడు.

రమణబాబుది బొబ్బిలి. పొట్టి మనిషి, బుగ్గలు లోపలికి పోయిన ముఖం, హెన్నా పెట్టి ఎర్రబడ్డ జుట్టు. ఎండాకాలంలో కూడా మెడకి మఫ్లరు ఉంటుంది, చల్లనీళ్ళు ముట్టడు. ఆ గొంతుతో ఎవరికీ పనిలేకపోయినా కాపాడుకుంటూనే ఉంటాడు. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో పాడేవాడు. పేరున్న గాయకుడి గొంతును అచ్చు గుద్దినట్టు దించితే జనం "అచ్చం ఆయనే" అని ఈలలు వేసేవారు. ఆ ఈలల్ని నమ్ముకుని పట్నం వచ్చి, ఒక సంగీత దర్శకుడి సహాయకుడి ముందు నిలబడి పాడాడు. ఆ మనిషి చెవిలో పుల్ల పెట్టుకుని తిప్పుకుంటూ, "ఆయనే ఉన్నాడు కదయ్యా, నువ్వెందుకు" అన్నాడు. రమణబాబుకి లోకమంటే చీదర అక్కడ మొదలైంది.

పదకొండింటికి మెడలో కంపెనీ కార్డులు వేలాడేసుకుని ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు.

"బాస్, బ్యాటరీ ఎంతసేపొస్తుంది? నెట్‌లో రివ్యూ వేరేలా ఉంది."

"నెట్‌లోనే కొనుక్కోండయితే."

వాళ్ళు నవ్వి, వేలిముద్రలు వదిలి వెళ్ళిపోయారు. వీళ్ళకి వెయ్యి పాటలు పట్టే యంత్రం కావాలి, ఒక్క పాట రెండో చరణం మాత్రం ఏ ఒక్కడికీ రాదు అనుకుంటూ రమణబాబు మళ్ళీ గుడ్డ అందుకున్నాడు.

అప్పుడే మెట్ల మీద గొడుగు చప్పుడైంది. దేవానందం మేస్టారు. బొల్లారంలో ఉంటాడు, మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మెడ దాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కా. నెల్లాళ్ళుగా వస్తున్నాడు, వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న. ఏమీ కొనడు.

"పాటలు డబ్బిచ్చి కొనే మార్గం ఏదైనా తేలిందా బాబూ?"

"సెప్పాను కదండీ మేస్టారూ. అమెరికావాడు కంప్యూటర్లో అమ్ముతాడు. మన కార్డు వాడికి పనికిరాదు. పనికొచ్చినా మన పాటలు వాడి దగ్గరుండవు. సీడీలు తెండి, ఎక్కించి ఇస్తాను."

"సీడీ కొట్లన్నీ తిరిగాను. ఆమె అడిగినవి దొరకలేదు."

తిరుమల ఫోన్ మీంచి తల ఎత్తాడు. "ఫ్రీగ ఇస్తనంటే ఏంది అంకుల్ మీ పరేషాన్? గిట్ల ఎవ్వలూ అడగరు."

మేస్టారు గొడుగు బల్లకి ఆనించాడు.

"మా డోరాకండీ. ఆమె తండ్రి పాస్టరు, సినిమా పాట పాపమన్నారు. పెళ్ళయ్యాక నేనూ అదే అన్నాను. పక్కింటి రేడియో వినబడే గోడ పక్కన కూచుని బియ్యం ఏరేది. నేను వస్తే చాట తీసుకుని లేచిపోయేది. ఇప్పుడు ఇక్కడే, ఈ దగ్గర్లో ఆస్పత్రిలో ఉంది. ఆ పాటలు కావాలని నోరు తెరిచి అడిగింది. ఇన్నేళ్ళూ వద్దన్నవాణ్ణి. ఇప్పుడు వినిపించేదైనా దొంగసొత్తు కాకూడదు కదా."

రమణబాబుకి ఒళ్ళు మండింది. జీవితమంతా పెళ్ళాం చెవులు మూసినవాడికి ఇప్పుడు న్యాయం గుర్తొచ్చింది. ఆమె అక్కడ మంచం మీద ఉంటే ఈయన ఇక్కడ ధర్మసందేహాలు తీర్చుకుంటున్నాడు. ఈ పీడ ఇవాళ్టితో వదలాలి.

"కొత్త స్కీము వచ్చింది మేస్టారూ. నిన్ననే. ఈ పాటలన్నీ కంపెనీవాళ్ళు డబ్బు కట్టి కొన్నవే."

తిరుమల నవ్వాపుకోవడానికి గోడవైపు తిరిగాడు.

"నిజమా బాబూ" అన్నాడు మేస్టారు. ఆ ముఖం విచ్చుకున్న తీరు చూసి రమణబాబుకి ఇంకా రోత పుట్టింది. ఇంత తేలిగ్గా నమ్మేవాడు లెక్కలెలా చెప్పాడో.

మేస్టారు పాటల మొదటి మాటలు చెప్పాడు. ఎన్నడూ పాడి ఎరగని మనిషి కాబట్టి బైబిలు వచనాల్లా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. రమణబాబుకి అన్నీ తెలుసు. అన్నీ ఒకప్పుడు స్టేజి మీద పాడినవే. ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి పంపుదామనుకున్నాడు గానీ, మొదటిది బొయ్యిమంటుంటే తీసేసి ఇంకోటి వెతికాడు. అదీ అరిగిన రికార్డే. మూడోది బాగుంది. అలా మధ్యాహ్నం దాకా వెతుకుతూనే ఉన్నాడు.

"బేరాలు పోతున్నయ్, జెర జల్దీ" అని తిరుమల విసుక్కుంటే, తన చేతుల మీద తనకే అసహ్యమేసి యంత్రాన్ని విసురుగా అందించాడు.

"ఇది నొక్కితే పాడుతుంది."

"ఇంకేమైనా తెలుసుకోవాలా?"

"అక్కర్లేదు."

మేస్టారు గొడుగు మర్చిపోయి దిగి, మళ్ళీ ఎక్కివచ్చి తీసుకెళ్ళాడు. తిరుమల ఆ సంగతి పక్క కొట్లవాళ్ళందరికీ చెప్పి నవ్వాడు. రమణబాబు మల్కాజ్‌గిరిలో ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారేజీ విప్పి పెరుగన్నం తిన్నాడు. భార్య సాయిదుర్గ ఆవకాయ పెట్టడం మానేసి చాలాకాలమైంది, గొంతు పాడవుతుందని అతనే వద్దన్నాడు.

సాయంత్రం తిరుమల వెళ్ళిపోయాడు. రమణబాబు లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతుండగా మేస్టారు మెట్లెక్కి వచ్చాడు. చొక్కా పైగుండీ ఊడి ఉంది. గుప్పిట్లో యంత్రం, వేళ్ళ సందుల్లోంచి వేలాడుతున్న చెవుల్లో పెట్టుకునే తీగలు. వాటిలోంచి దోమ రొదలా పాట వినబడుతోంది.

"ఆపడం రాలేదు బాబూ."

"ఇంతదానికి ఆస్పత్రి నుంచి వచ్చారేటండీ?" రమణబాబు నోట్లో ఇంకా రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

"మధ్యాహ్నం పెట్టాను. రెండు పాటలు కళ్ళు తెరిచే వింది. తర్వాత మూసుకుంది. వింటోందనుకున్నాను. నర్సమ్మ వచ్చి చెప్పేదాకా వింటోందనే అనుకున్నాను."

కింద ఆటో ఒకటి స్టార్టవక గురగురమంటోంది.

"మా బావమరిది కాలేబు కాగితాలు చూస్తున్నాడు. ఇదేమో పాడుతూనే ఉంది. ఏదో నొక్కితే ఇంకా పెద్దగా పాడింది. అందరూ చూస్తున్నారు." మేస్టారు యంత్రాన్ని బల్ల మీద పెట్టాడు. పెట్టి, చెయ్యి దాని మీంచి తియ్యలేదు. "కొన్న పాటలే కదా బాబూ?"

రమణబాబు మఫ్లరు సవరించుకున్నాడు.

"కొన్నవేనండీ" అన్నాడు.

మేస్టారు తలూపాడు. "అదే చెప్పానులే ఆమెకి. వెళ్ళాలి, ఆమెని తీసుకెళ్ళే బండి వచ్చే వేళైంది."

"ఉండండి, ఆపి ఇస్తాను."

అప్పటికే ఆయన మెట్ల పక్క కమ్మీ పట్టుకుని మెట్టు మెట్టుకీ రెండు కాళ్ళూ ఆనించుకుంటూ దిగుతున్నాడు. వెనక్కి చూడలేదు. రమణబాబు గడప దాకా వెళ్ళి నిలబడ్డాడు. తెల్లచొక్కా బజారు రద్దీలో కలిసిపోయాక తిరిగి లోపలికి వచ్చాడు.

గాజు మీద యంత్రం ఇంకా పాడుతూనే ఉంది. తీగలు రెండూ చెరోవైపు పడి ఉన్నాయి. ఒకదాని స్పాంజికి పొడవాటి తెల్లవెంట్రుక ఒకటి చుట్టుకుని ఉంది.