త్రానెక్రోనా వారి డాలు

1958 ఫిబ్రవరిలో మా తమ్ముడు గొథార్డ్ పోయాడు. మూడో రోజు పాస్టరు నూర్డ్‌లింగ్ మా ఇంటికొచ్చి, సగం కాఫీ తాగి, నసగడం మొదలుపెట్టాడు.

"స్టాక్‌హోమ్‌లో ప్రభువంశాల సభ నుంచి ఫాబియన్ గారొస్తున్నారండీ. డాలు పగలగొట్టాలి కదా. గొథార్డ్ గారే ఆఖరి మనిషి..."

"ఆఖరి మనిషా? మరి మీకు కాఫీ పోసిందెవరు, దయ్యమా?" అన్నాను.

పాపం, ఆయన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆనవాయితీ ఆయన పెట్టింది కాదు. ప్రభువంశంలో చివరి మగవాడు పోతే, శవపేటిక పక్కనే ఆ వంశపు డాలును బద్దలుకొట్టి, వంశం అంతరించిందని ప్రకటిస్తారు. ఆడవాళ్లు ఎంతమంది బతికున్నా లెక్కలోకి రారు. నాకు డెబ్బై ఆరేళ్లు, పెళ్లి చేసుకోలేదు. నేను బతికుండగానే నన్ను లేనిదాన్ని చేస్తామంటే ఒళ్లు మండిపోయింది.

మా మూలపురుషుడు గాయపడిన సేనాధిపతిని భుజాన మోసుకొచ్చి కొంగ బొమ్మ ఉన్న ఆ డాలు సంపాదించాడు. అతని మనవడు పేకాటలో మూడు ఊళ్లు పోగొట్టాడు. ఇంకొకాయన నాచు గురించి నాలుగు సంపుటాలు రాశాడు, నాకు తెలిసి ఎవరూ చదవలేదు. మా మేనత్త ఎబ్బా నలభై ఏళ్లు ఇనుప కొలిమి నడిపి, కరువులో ఊరందరికీ రొట్టె పెట్టింది. వంశచరిత్ర పుస్తకంలో పేకాటరాయుడికి పేజీన్నర ఇచ్చారు. ఎబ్బాకు ఒకటే మాట: అవివాహిత.

ఆ రోజు పగలగొట్టడానికి కొంగ బొమ్మతో చెక్క డాలు చేస్తున్న వడ్రంగి హిల్డింగ్ దగ్గరికి వెళ్లాను.

"వెనకాల రంపంతో గాటు పెట్టేస్తా దొరసానమ్మా. ఒక్క దెబ్బకి టక్కున పోద్ది. అందరూ అట్టాగే చేయిస్తారు."

"గాటు పెట్టొద్దు. చెక్క కూడా గట్టి ఓక్ చెక్కే వాడు."

"అమ్మో! మరి పగలకపోతే?"

"పగలకపోవడమే నాక్కావాలి."

అంత్యక్రియల రోజు చర్చి నిండిపోయింది. ఫాబియన్ తెల్ల చేతితొడుగులు వేసుకుని సుత్తి ఎత్తాడు. మొదటి దెబ్బకు రంగు రాలింది. రెండో దెబ్బకు సుత్తి వెనక్కి ఎగిరింది. మూడో దెబ్బకు వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు. పేటిక మోసేవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

నా పంతం నెగ్గింది. కానీ అది గొథార్డ్ చావు కదా. ఇంటికి నలుగురొస్తే వంటగదిలో దాక్కునేవాడు వాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. వాడి చివరి రోజున అందరూ నవ్వేలా చేసింది నేనే. నాకు సిగ్గేసింది. లేచి వెళ్లి చెయ్యి చాపాను.

"ఇటివ్వండి."

"బెయాటా గారూ, ఇది ఆడవాళ్లు చేసేది కాదండీ," అన్నాడు ఫాబియన్ గొంతు తగ్గించి.

"మగవాళ్లు చేసింది చూశాంగా. ఇవ్వండి."

చెక్కలో పీచు ఎటు పోతుందో హిల్డింగ్ కొట్లో చూశాను. సరిగ్గా అక్కడే కొట్టాను. రెండో దెబ్బకు కొంగ నిలువునా చీలింది. మోచేయి దాకా జివ్వుమంది.

ఫాబియన్ జనం వైపు తిరిగి చదివాడు: "త్రానెక్రోనా వంశం ఇక లేదు." సుత్తి పట్టుకుని నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను.

అంతా అయ్యాక ఆయన ఒక కాగితం తీశాడు. "సాక్షి సంతకం కావాలండీ. దగ్గరి బంధువుదైతే మంచిది."

ఈ పేరుగలవారు ఇక ఎవరూ మిగల్లేదని అందులో రాసి ఉంది. దాని కింద పూర్తి పేరు రాశాను, బెయాటా త్రానెక్రోనా అని. ఆయన రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు.

"ఇది ఇలా పంపితే ఎలాగండీ? ఈ రెండింట్లో ఏదో ఒకటే నిజం కావాలి కదా."

కలం ఆయనకు తిరిగిచ్చేశాను. ఇంటికి నడిచి వచ్చి, తలుపు తీసి, అలవాటుగా "గొథార్డ్, వచ్చేశాను" అన్నాను. ఎవరూ పలకలేదు. రెండూ నిజమేనని అప్పుడు అర్థమైంది.