మెడ పక్కన సూది

డాక్టర్ రత్నమాలకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ ఉదయం ఆపరేషన్ థియేటర్లో ఆమె మాట పక్కనున్న నర్సుకే సరిగ్గా వినపడలేదు.

పదిహేనేళ్లుగా మత్తు డాక్టరు. బల్ల మీదున్నది ఓదెలు, ఖాజాగూడ అవతల కట్టే టవర్లలో గ్రానైట్ కోసేవాడు. కుడి భుజంలో కండరం తెగింది. స్కానర్లో చూస్తూ మెడ పక్కన ఒక్క సూది వేస్తే భుజమంతా మొద్దుబారుతుంది. సర్జన్ సుబ్రహ్మణ్యం గారికి అదే అలవాటు. కానీ ఆ మందు పక్కనున్న ఊపిరి నరాన్ని కూడా పడుకోబెడుతుంది. ఊపిరితిత్తులు బాగున్నవాడికి ఫరవాలేదు. ఓదెలు చెప్పగా రాసుకున్న కాగితంలో అన్నీ బాగానే ఉన్నాయి. ఆయాసం లేదు, దగ్గు లేదు, జబ్బులేవీ లేవు.

మరి రెండు దిండ్లు లేనిదే పడుకోలేనంటాడేం? అనుమానం వచ్చి స్కానర్ని డొక్కల మీద పెట్టింది. ఊపిరి ఆడించే కండరం ఎడమవైపు కదిలితే ఒట్టు. కుడివైపుదొక్కటే మనిషిని మోస్తోంది. మెడలో సూది దిగి ఉంటే అదీ ఆగేది.

నిలదీస్తే అప్పుడు చెప్పాడు, పన్నెండేళ్ల రాతి దుమ్మనీ, మధ్యలో క్షయ వచ్చి పోయిందనీ.

"సైటుకాడ హెల్త్ క్యాంపుల దమ్మొస్తదన్నోన్ని గేటు బయట పెడ్తరు మేడం. ఎవలడిగినా లేదనుడే అలవాటైంది."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. అతని మీదా, అతనికి ఆ అబద్ధం నేర్పినవాళ్ల మీదా. మెడ జోలికి పోకుండా భుజం వెనకే రెండు చోట్ల సూదులు వేసి, పైన తేలిగ్గా మత్తిస్తానంది. పావుగంట ఎక్కువ పడుతుందనీ, నొప్పి కూడా అంత బాగా అణగదనీ సుబ్రహ్మణ్యం గారు విసుక్కున్నారు.

"పావుగంట మీదండీ. ప్రాణం అతనిది," అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రానికి తేరుకున్న ఓదెలు భుజం సంగతి అడగలేదు. ఆమె చేతిలోని డిశ్చార్జి కాగితాన్నే చూస్తున్నాడు.

"దమ్ము సంగతి అండ్ల రాయకున్రి మేడం. అది కాంట్రాక్టరు చూస్తడు."

రాయకపోతే రేపు ఇంకో ఆసుపత్రిలో ఇంకొకరు మెడలోనే సూది దింపుతారని, చచ్చిపోతావని తగ్గిన గొంతుతోనే తిట్టింది.

ఓదెలు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"గది రేపటి సావు మేడం. మీరు రాస్తె గిప్పుడే సస్త."

రత్నమాల రాసింది, పెద్దక్షరాలతో. పొద్దున్నుంచీ కోప్పడడానికి ఎవరో ఒకరు దొరుకుతూనే ఉన్నారు. సంతకం పెట్టేసరికి ఆ కోపానికి తానొక్కతే మిగిలింది.